గుర్నాథం పెట్టిన ఏడుపు పరీక్ష

తొలకరి పడిందంటే రేలవాగు అడవిలో రెండు పనులు ఒకేసారి మొదలవుతాయి. వాగు గట్టున బొరియల్లోంచి ఎండ్రకాయలు, అంటే పీతలు, బయటికొస్తాయి, వాగుకు ఇవతల నల్లబండ కింద బడి తెరుస్తారు. ఈ రెంటికీ సంబంధం ఏమిటని అడవిలో ఎవరూ అడగలేదు. ఎవరూ అడగని చోటే గుంటనక్కకు గిట్టుబాటు.

ఆ గుంటనక్క పేరు గుర్నాథం. బడిలో పాఠం చెప్పేది మాత్రం తాబేలు మాస్టారు. ఆయనకు రాని విద్య లేదు గానీ కాళ్ళే ఆయన మాట వినవు. కోడికూతకు మడుగులోంచి బయల్దేరితే బడి చేరేసరికి పొద్దు చెట్ల మీదికొస్తుంది. అందాకా గుమ్మం చూసుకోవడానికి ఎవరో ఒకరుండాలి కదా అని అడవి పెద్దలు ఆ పని గుర్నాథానికి అప్పజెప్పారు. కోళ్ళగూటికి నక్కను కాపలా పెట్టినట్టే అయింది.

గుమ్మం చేతికి రాగానే గుర్నాథం ఒక రూలు పెట్టాడు. "బడి గుమ్మంలో ఎవరి కంట నీరు కనబడితే వాళ్ళు బడికి పనికిరారు. వెంటనే బయటికి!" పైగా "మొక్కై వంగనిది మానై వంగునా" అని ఒక సామెత తగిలించాడు. సామెత వినబడేసరికి, ఇదేదో పెద్దల మాటే అనుకుని అందరూ తలలూపారు.

కొత్తగా బడికొచ్చిన పిల్ల అమ్మ చెయ్యి వదలగానే ఏడవక ఏం చేస్తుంది? ఏడ్చేది, బయటికి పోయేది. అప్పుడు గుర్నాథం ఆ తల్లి దగ్గరికి దిగాలు మొహంతో వెళ్ళేవాడు.

"ఏం చెయ్యనమ్మా, మీవాడికి చదువబ్బదని మాస్టారే తేల్చేశారు. ఊరికే తిరిగితే చెడిపోతాడు. నా ఎండ్రకాయల గుంతల దగ్గర పనుంది, పంపించు. అడవి కట్టు నీకు తెలిసిందే కదా, పనికి పిలిచినవాడు ముందు కడుపు నింపాలి, నింపలేకపోతే పిలిచినవాళ్ళందర్నీ వదిలెయ్యాలి. నేను కట్టు తప్పేవాణ్ణి కాను."

నిజమే, తప్పేవాడు కాదు. కుందేలు పిల్ల కడుపెంత, ఉడుత పిల్ల కడుపెంత! గుప్పెడు గింజలు, నాలుగు చిగుళ్ళు పడేస్తే కట్టు చెల్లిపోయేది. ఇటు మాస్టారికేమో, "ఇంటి మీద బెంగపెట్టుకున్నారండీ, వాళ్ళమ్మలే మాన్పించారు" అని చెప్పేవాడు. గుర్నాథం ఎండ్రకాయలు నమిలి నమిలి లావెక్కాడు.

ఇదంతా కడుపు మంటతో చూస్తున్నది ఒక్క సూదిమల్లి. సూదిమల్లి ఏదుపంది పిల్ల, పై తరగతి. కోపమొస్తే వీపు మీది ముళ్ళు వాటంతటవే లేచి గలగలమంటాయి, ఆమె ఆపినా ఆగవు. పోయినేడు ఆమె తమ్ముడు ముళ్ళోడు గుమ్మంలో ఒక్కసారి ముక్కు ఎగబీల్చాడు. అంతే, ఇవాళ్టికీ వాగొడ్డున బురద తవ్వుతున్నాడు. సాయంత్రం ఇంటికొచ్చి అక్క పలక మీద వేలు పెట్టి, "ఇదేం అక్షరమక్కా?" అంటాడు. ఆమె చెప్పేలోగా కూర్చున్నచోటే నిద్రపోతాడు. అప్పుడు సూదిమల్లికి దుఃఖం రాదు, ఒళ్ళు మండిపోతుంది.

మాస్టారికి చెప్పకపోలేదు. ఆయన తల్లుల్ని పిలిపించి అడిగారు కూడా. కానీ నా బిడ్డ బడికి పనికిరాడట అని నలుగురిలో ఒప్పుకోవడానికి ఏ తల్లికి నోరొస్తుంది? కాకిపిల్ల కాకికి ముద్దు. "మేమే మాన్పించామండీ" అని తలలు దించుకున్నారు. మాస్టారు నిట్టూర్చి పాఠంలో పడ్డారు.

ఈసారి కొత్తగా చేరేవాళ్ళలో అలుగమ్మ కొడుకు చిప్పిగాడు ఉన్నాడని తెలిసినప్పటి నుంచి గుర్నాథం కాలు ఒకచోట నిలవలేదు. అలుగులంటే తెలుసు కదా, ఒళ్ళంతా చిప్పల్లాంటి పొలుసులు, భయమేస్తే ముద్దగా చుట్టుకుపోతాయి. వాటి గోళ్ళు మాత్రం గునపాలే. చీమల పుట్టల్నే తవ్విపోసే గోళ్ళు ఎండ్రకాయల బొరియలకు ఆగుతాయా? ఒక్క చిప్పిగాడు దొరికితే నలుగురి పని అయిపోతుందని గుర్నాథం చుట్టాలకు విందు కూడా చెప్పేశాడు.

ఆ సంగతి సూదిమల్లి చెవిన పడింది. బడి తెరిచే రోజు పొద్దున్నే పై తరగతి వాళ్ళను బండ వెనక్కి పిలిచింది. ఓపికకు పెట్టింది పేరైన కోడెదూడ నందెన్న వచ్చాడు. ఏనుగు పిల్ల గుమ్మడమ్మ వచ్చింది. కోతి కొమ్మన్న అందరికన్నా వెనగ్గా, నోరంతా ఊదారంగు చేసుకుని వచ్చాడు.

"నేరేడు పళ్ళు ఎక్కడివిరా?" అంది సూదిమల్లి.

"గుర్నాథం మామ ఇచ్చాడు. కొత్తపిల్లల్ని ఏడిపించినవాళ్ళకి దోసెడు దోసెడు. నేను ముందే సగం పుచ్చుకున్నా."

"సిగ్గులేదూ నీకు?"

"సిగ్గెందుకు? నేనొచ్చినప్పుడు పెద్దోళ్ళు నా తోక పట్టి లాగలేదా? ఆపుకున్నాను కాబట్టి ఇక్కడున్నాను. వీళ్ళూ ఆపుకుంటే ఉంటారు, లేకపోతే పోతారు."

"నీ తోక లాగినవాడి మీద కోపముంటే వాడి మీద చూపించు. ఈ పసివాళ్ళు నీ తోక చూశారా, నీ మొహం చూశారా? కోడలిగా పడ్డ పాట్లన్నీ అత్తయ్యాక కోడలి మీద తీర్చుకున్నట్టుంది నీ యవ్వారం!"

కొమ్మన్న మూతి తుడుచుకున్నాడు. ఊదారంగు ఇంకా పాకింది.

నందెన్న నెమరు ఆపి మెల్లగా అన్నాడు. "నిదానం సూదిమల్లీ. గుమ్మం ఆయన చేతిలో ఉంది. మనం ఓర్చుకుంటే..."

"నువ్వు ఓర్చుకుంటావు నందెన్నా, రేపు కాడి మోసే మెడ నీది. వాళ్ళ మెడలు ఇంకా లేతవి. పోయినేడు నేనూ ఓర్చుకున్నాను, నా తమ్ముడు పోయాడు. ఈ ఏడు ఓర్చుకోను. మీరు వస్తే వచ్చారు, రాకపోతే ఒక్కదాన్నే నిలబడతాను." ముళ్ళు గలగలమన్నాయి.

"ఒసే, ముందు ఆ ముళ్ళు దించు, నా తొండానికి గుచ్చుకుంటాయి," అంది గుమ్మడమ్మ. "ఏం చెయ్యాలో చెప్పు. నాకు తిండి వేళకు అయిపోవాలి, అంతే."

"ఏడిస్తేనే కదా వాడి ఆట సాగేది. ఏడవకుండా మనమే చూద్దాం. అసలు ఏడుపెందుకొస్తుంది? ఎటు పోవాలో తెలీదు, ఎవర్నడగాలో తెలీదు. ఒక్కొక్కరం ఒక్కో పిల్లను పట్టుకుందాం. నీళ్ళ గుంట ఎక్కడో, తేనెతుట్టె ఉన్న కొమ్మ ఏదో, మాస్టారు పేరు పిలిస్తే ఏమనాలో, ఒంటికొస్తే ఏ పొద వెనక్కి పోవాలో, అన్నీ చెబుదాం."

"అదొక్కటి ముందు చెప్పండి," అన్నాడు నందెన్న. "నాకెవరూ చెప్పక మొదటిరోజు సాయంత్రం దాకా బిగబట్టుకు కూర్చున్నాను."

నందెన్నకు ఓపికమంతుడన్న పేరు ఎలా వచ్చిందో ఆ రోజు అందరికీ తెలిసింది. కొమ్మన్న కూడా నవ్వాడు. నవ్వి, "సరే, ఉడుత బుడ్డోణ్ణి నేను చూసుకుంటాలే" అన్నాడు.

పొద్దెక్కకముందే తల్లులు పిల్లల్ని తీసుకుని వాగు దాటి వచ్చారు. గుమ్మడమ్మ కుందేలు పిల్లకు తన తోక అందించింది. ఉడుత బుడ్డోడు కొమ్మన్న భుజమెక్కాడు. నందెన్న నెమలి పిల్లను మూపు మీద కూర్చోబెట్టుకున్నాడు. చివరికి అలుగమ్మ వచ్చింది, ముందు కాళ్ళలో ఒక ముద్దను పెట్టుకుని.

"వీడికి నేను తప్ప లోకం తెలీదు తల్లీ. వాగు దాటగానే చుట్టుకుపోయాడు. ఎంత పిలిచినా విప్పుకోడు."

"నాకొదిలెయ్యి పిన్నీ. సాయంత్రం మళ్ళీ ఇక్కడికే రా," అంది సూదిమల్లి.

అలుగమ్మ వెనక్కి తిరిగి తిరిగి చూస్తూ వెళ్ళింది. సూదిమల్లి ముద్ద పక్కన చతికిలబడింది.

"లోపల ఎవరున్నారు?"

"ఎవలూ లేలు," అంది ముద్ద.

"అయితే ఆ ఎవరూ లేనివాడికే చెబుతున్నా, విను. మాస్టారు చాలా నెమ్మది. కొట్టరు, కొట్టడానికి చెయ్యెత్తేలోపు సాయంత్రమవుతుంది. పేరు పిలిస్తే 'వచ్చానండీ' అనాలి. ముద్దలోంచి అన్నా ఫర్వాలేదు."

లోపల్నుంచి మెల్లగా, "వచ్చానండీ" అని వచ్చింది.

"శభాష్! నడవనంటావా, దొర్లుదువుగాని. నీకు పొలుసులు, నాకు ముళ్ళు. మనిద్దర్నీ ఎత్తుకుపోయే మొనగాడు ఈ అడవిలో ఇంకా పుట్టలేదు." ముక్కుతో మెల్లగా దొర్లించుకుంటూ గుమ్మం దాకా తెచ్చింది.

గుమ్మంలో గుర్నాథం వేళ్ళు నాకుతూ నిలబడి ఉన్నాడు. వచ్చినవాళ్ళను చూసి నాకడం ఆపాడు. ఒక్క పిల్ల కంట్లో తడి లేదు. కుందేలు పిల్ల ఏనుగు తోక పట్టుకుని ఊగుతోంది. నెమలి పిల్ల నందెన్న కొమ్ములు రెండింట్లో ఏది పెద్దదో తేల్చుకునే పనిలో ఉంది.

"ఓరి కొమ్మన్నా, నేరేడు పళ్ళు అరిగిపోయాయా?" అన్నాడు పళ్ళు నూరుతూ.

"చేదొచ్చాయి మామా," అన్నాడు కొమ్మన్న.

గుర్నాథానికి ఇలాంటివి కొత్త కాదు. గొంతు తియ్యగా చేసుకుని పిల్లల ముందు వంగాడు. "అయ్యో బంగారుకొండలూ, మీకెవరూ చెప్పలేదా? మీ అమ్మలు వాగు దాటి వెళ్ళిపోయారు. ఇక రారు. మీ అల్లరి పడలేక మిమ్మల్ని నాకిచ్చేశారు."

"అబద్ధం! సాయంత్రం వస్తారు!" అని సూదిమల్లి అరిచింది. కానీ అమ్మ రాదన్న మాట చెవిన పడ్డాక పసివాళ్ళకు ఇంకో మాట ఎక్కుతుందా? కుందేలు పిల్ల కింది పెదవి వణికింది. తర్వాత ఉడుత. తర్వాత నెమలి. ఒక్కసారిగా ఘొల్లుమన్నారు. గుర్నాథం వంగి ముద్ద మీద చెవి ఆనించాడు. లోపల సన్నగా, ఆగి ఆగి వెక్కిళ్ళు.

"ఇదిగో, చిప్పిగాడు కూడా! నడువు నాయనా, ఆ గోళ్ళకు తగ్గ పని చూపిస్తా." పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అంటే ఇదే. నక్కకు మాత్రం రెండూ ఆటే.

సూదిమల్లి ముళ్ళు నిలువునా లేచాయి. ఒక్క విసురు విసిరితే గుర్నాథం మూతి జల్లెడ అయ్యేది. అయితే ఏం లాభం? "చూశారా, పెద్దపిల్లలు నన్ను పొడిచారు" అని వాడు పెద్దల దగ్గరికి పోతాడు, పసివాళ్ళు మాత్రం గుంతల్లోకే పోతారు. తమ్ముడు పోయిన రోజు కూడా ఇలాగే ఏమీ చెయ్యలేక నిలబడింది. ఆ ఉక్రోషంలో ఆమెకు తెలియకుండానే ఒక బొట్టు కంట్లోంచి జారింది.

గుర్నాథం పగలబడి నవ్వాడు. "ఏమిటే, పై తరగతిదానివి నువ్వు కూడానా!"

తుడుచుకోబోయి సూదిమల్లి చెయ్యి ఆపేసింది. తల ఎత్తి వాడి కళ్ళలోకి చూసింది.

"ఆఁ, నేను కూడా! బడి గుమ్మంలో కన్నీళ్ళు పెట్టాను, చూసుకో. చాలకపోతే ఇదిగో ఇంకా!" అని గొంతెత్తి, బండలు మారుమోగేట్టు, రాగం తీసి మరీ ఏడ్చింది. "పంపు నన్ను! వీళ్ళని ఎక్కడికి పంపుతావో అక్కడికే నన్నూ పంపు!"

గుమ్మడమ్మ ఒక్క క్షణం ఆలోచించింది. ఆమెకు ఆలోచన ఆలస్యంగా వస్తుంది గానీ వస్తే పెద్దదే వస్తుంది. తొండమెత్తి ఘీంకరించింది. కొమ్మన్న చంకలో దాచుకున్న మిగతా నేరేడు పళ్ళు నేలకేసి కొట్టి, తోక తలకు చుట్టుకుని బోరుమన్నాడు. నందెన్న అందర్నీ చూసి, "ఓర్చుకున్నది చాల్లే," అని గొణిగి, అంబా అని అరిచాడు. లేగదూడగా ఉన్నప్పటి నుంచి దాచుకున్న ఏడుపు కాబోలు, ఎంతకీ ఆగలేదు. లోపల కూర్చున్న జింకలు, అడవిపందులు, గేదె దూడలు కూడా సంగతి తెలుసుకుని ఒక్కొక్కరే గుమ్మంలోకి వచ్చి ఏడుపు అందుకున్నారు.

"ఆపండెహె!" గుర్నాథం చెవులు మూసుకున్నాడు. "మీ పెద్దోళ్ళ ఏడుపు లెక్కలోకి రాదు!"

"రూల్లో పెద్దోళ్ళు చిన్నోళ్ళు అని ఉందా మామా?" అంది సూదిమల్లి. "'ఎవరి కంట నీరు కనబడితే వాళ్ళు' అని నువ్వే కదా రోజూ అరిచేది? మమ్మల్ని ఉంచితే వాళ్ళనీ ఉంచాలి. వాళ్ళని పంపితే మమ్మల్నీ పంపాలి."

గుర్నాథం గుటక వేశాడు. ఒకవైపు చిప్పిగాడి గోళ్ళు. మరోవైపు, అప్పుడే మెరిసిన ఇంకో ఆశ. ఏనుగు తొండంతో ఒక్క పెకలింపు పెకలిస్తే! కోడె కొమ్ముతో గట్టు గుచ్చితే! అడవిపందులు మూతులతో దున్నితే! వాగులో ఉన్న ఎండ్రకాయలన్నీ మధ్యాహ్నానికి తన బొరియలో ఉంటాయి. ఆశ ఎక్కువైతే తెలివి కాలు మడుచుకుని కూర్చుంటుంది.

"రూలంటే రూలే," అన్నాడు గంభీరంగా. "అందరూ నా వెంట రండి!"

బడి బడంతా కదిలింది. పిల్లలు పెద్దల తోకలు పట్టుకున్నారు. సూదిమల్లి ముద్దను దొర్లించుకుంటూ ముందు నడిచింది.

గుంతలు వాగు మలుపులో, రెల్లు దుబ్బుల చాటున ఉన్నాయి. అక్కడ బురదలో మునిగి ఉన్న పోయినేటి పిల్లలు ఈ ఊరేగింపును చూసి నోళ్ళు తెరిచారు. ముళ్ళోడు లేచి నిలబడి, "అక్కా, నిన్ను కూడా పంపేశారా?" అన్నాడు బెదిరిపోయి.

"పంపలేదురా. వచ్చాను," అంది సూదిమల్లి.

"కబుర్లాపి తవ్వండి!" అన్నాడు గుర్నాథం.

"తవ్వుతాం మామా. ముందు కూడు పెట్టు. పనికి పిలిచినవాడు ముందు కడుపు నింపాలి కదా? అడవి కట్టు," అంది సూదిమల్లి.

గుర్నాథానికి అప్పుడు తట్టింది. తట్టి, అక్కడే కొయ్యబారిపోయాడు. తేరుకుని నాలుగు చిగుళ్ళు తెచ్చి గుమ్మడమ్మ ముందు పెట్టాడు. ఆమె అవి తొండంతో తీసి నోట్లో వేసుకుని, ఇంకా ఎదురుచూస్తూ నిలబడింది. పరుగెత్తి మోపెడు గడ్డి తెచ్చాడు. అది నందెన్న ఒక నమలుకే సరిపోయింది. ఇంకో మోపు తెచ్చేసరికి గేదె దూడలు బారులు తీరి ఉన్నాయి. కొమ్మన్న పళ్ళు కావాలన్నాడు. అడవిపందులు దుంపలడిగాయి. గుర్నాథం నాలుక బయటపెట్టి గుట్టకీ వాగుకీ మధ్య తిరిగాడు. తిరిగొచ్చిన ప్రతిసారీ గుమ్మడమ్మ ఎంతో మర్యాదగా, "ఇంకా నిండలేదు మామా," అనేది. ఒకసారి వచ్చి చూస్తే తన బొరియ మీద కప్పుకున్న రెల్లు కప్పు కూడా లేదు. గుమ్మడమ్మ దవడలు ఆడుతున్నాయి.

"పోనీ, ఊరికే కూర్చోవడమెందుకు, తింటూనే పని చేస్తాంలే," అని నందెన్న గట్టు దిగాడు. దిగిన చోటల్లా కాలు దిగబడి బొరియలు కూలాయి. వెనకాల గుమ్మడమ్మ దిగింది. గట్టు మొత్తం జారి వాగులో పడింది. తొలకరి నీటి మీద ఎండ్రకాయలు గుంపులు గుంపులుగా దిగువకు కొట్టుకుపోయాయి. దాచుకున్నవి, దొరకాల్సినవి, చుట్టాల విందుకు ఉంచినవి, అన్నీ పోయాయి.

"చాలు! చాలు తల్లీ! పొండి! మీ బడికి మీరు పొండి!"

"ఎవరెవరం?" సూదిమల్లి కదల్లేదు.

"మీరే, పెద్దోళ్ళు!"

"కడుపు నింపలేకపోతే పిలిచినవాళ్ళందర్నీ వదిలెయ్యాలి. అందర్నీ అను. పోయినేటివాళ్ళనీ, ఈ ఏటివాళ్ళనీ. వినబడేట్టు అను."

"అందర్నీ! పోయినేటివాళ్ళనీ, ఈ ఏటివాళ్ళనీ!"

"మరి ఏడుపు రూలో?"

"రూలూ లేదు, గీలూ లేదు! ఎవరైనా ఏడవండి, నవ్వండి, నా కొంప మీంచి లేచిపొండి!" అని బురదలో కూలబడి గుర్నాథం బావురుమన్నాడు. తల బాదుకుంటూ, ముక్కు చీదుకుంటూ, ఏ పసిపిల్లా ఏడవనంతగా ఏడ్చాడు.

సరిగ్గా ఆ వేళకు రెల్లు దుబ్బులు పక్కకు జరుపుకుంటూ తాబేలు మాస్టారు తల బయటపెట్టారు. మడుగు నుంచి బడికి ఆయన దారి ఆ మలుపు పక్కనుంచే. రోజూ చప్పుడు చెయ్యకుండా సాగిపోయేవారు, ఇవాళ ఈ గోల విని ఆగారు. బురదలో ఉన్న పిల్లల్ని ఒక్కొక్కర్నే చూశారు. బెంగపెట్టుకుని ఇళ్ళకు వెళ్ళిపోయారనుకున్న పిల్లలందరూ అక్కడే ఉన్నారు. ముసలి కళ్ళు ఎర్రబడ్డాయి.

"గుర్నాథం, వీళ్ళకు చదువబ్బదని నేను ఎప్పుడన్నానురా?"

గుర్నాథం ఇంకా పెద్దగా ఏడ్చాడు.

ఇంత గొడవలో సూదిమల్లి కాళ్ళ దగ్గర ముద్ద కదిలింది. ముందు ఒక ముక్కు, తర్వాత రెండు కళ్ళు బయటికొచ్చాయి. చిప్పిగాడు పూర్తిగా విప్పుకుని నిలబడి, గుర్నాథాన్ని ఆశ్చర్యంగా చూశాడు.

"అక్కా, ఈయన ఏడుత్తున్నాడు. ఈయన్ని కూడా బడి నుంచి పంపేత్తారా?"

"పంపేస్తాంరా," అంది సూదిమల్లి. "కానీ ఏడ్చినందుకు కాదు. ఏడ్చినందుకు మన బడిలో ఎవర్నీ పంపం. ఏడిపించినందుకు పంపుతున్నాం."

మాస్టారు నందెన్న వీపు మీద ఎక్కి కూర్చుని, "పదండి, ఇవాళ్టికైనా వేళకు బడికి చేరతాను" అన్నారు. పోయినేటి పిల్లలు, ఈ ఏటి పిల్లలు, పై తరగతి వాళ్ళు అందరూ వెంట నడిచారు. బురద కాళ్ళతోనే నల్లబండ కింద కూర్చున్నారు. ఆ రోజు ఇద్దరో ముగ్గురో అమ్మలు గుర్తొచ్చి మళ్ళీ ఏడ్చారు. ఏడ్చినవాళ్ళ పక్కకు ఒక పెద్దపిల్ల జరిగి కూర్చుంది, అంతే. అప్పటి నుంచి ఏటా తొలకరికి గుమ్మం పై తరగతి వాళ్ళది.

గుర్నాథానికి ఎండ్రకాయలు కావాలంటే ఇప్పుడు తనే తవ్వుకోవాలి. చుట్టాలు విందుకొచ్చి, కూలిన గట్టును చూసి, తిట్టుకుంటూ వెళ్ళిపోయారట.

భయపడ్డవాడి పక్కన నలుగురు నిలబడితే, భయపెట్టినవాడికే భయం పట్టుకుంటుంది.